ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసరునంటూ ఫోన్ వస్తే ఏం చేయాలి

మన గోదావరి వాళ్లకు ఒక అలవాటుంది. అవతల ఎవరో తెలియకపోయినా ఫోన్ ఎత్తగానే ‘ఆయ్, చెప్పండి’ అంటాం. చెప్పేది పూర్తయ్యేదాకా వింటాం. మధ్యలో పెట్టేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపం కదా, ఫోన్ చేసిన మనిషి దగ్గరా అదే మర్యాద. పన్ను అధికారులమంటూ ఫోన్ చేసే దొంగలకు మన దగ్గర నచ్చేది సరిగ్గా ఇదే. వాళ్లకు మొదట కావాల్సింది మీ డబ్బు కాదు, మీరు లైన్లో ఉండటం. లైన్లో ఉంటే డబ్బు దానంతటదే వస్తుందని వాళ్లకు తెలుసు.

పాలకొల్లులో ఒక ఆడిటర్ గారి దగ్గర రిటర్నులు వేసే పని నాది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో రొయ్యల చెరువుల వాళ్లు, కొబ్బరి వ్యాపారులు, మిల్లుల వాళ్లు, కువైట్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఉంటారు. ఇలాంటి ఫోన్ల గురించి వాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. అయినా మా సొంత బాబాయికే వచ్చింది.

ఆయనకు ఉండి అనే ఊరి దగ్గర రెండు రొయ్యల చెరువులు. పట్టుబడి అయి, రొయ్యలు అమ్మిన డబ్బులు ఖాతాలో పడి వారం కాలేదు. పొద్దున పదకొండింటికి గట్టు మీద ఉండగా ఫోన్. ముంబై ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసట. తెలుగులోనే మాట్లాడాడు గానీ మధ్యమధ్యలో హిందీ. బాబాయి పాన్ నెంబరు, తాతగారి పేరు, ఊరి పేరు తడుముకోకుండా చెప్పాడు. ఆయన పాన్ మీద ముంబైలో ఒక కంపెనీ నడుస్తోందట, దానిలో కోట్లు తిరిగాయట. వాట్సాప్‌లో మూడు సింహాల బొమ్మ ఉన్న కాగితం వచ్చింది. తర్వాత వీడియో కాల్. టై కట్టుకున్న ఒకడు, వాడి వెనక గోడకు జెండా. ఏరేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) చప్పుడుకు వినబడట్లేదు, ఎక్కడైనా గదిలోకి వెళ్లండి అన్నాడు. బాబాయి మోటారు షెడ్డులోకి వెళ్లాడు. తలుపు వేసుకోండి అన్నాడు. వేసుకున్నాడు. ఇది రహస్య విచారణ, ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్ల మీదా కేసు పడుతుంది అన్నాడు. రెండున్నర గంటలు ఆ షెడ్డులో మేత బస్తాల మీద కూర్చున్నాడు మా బాబాయి. ‘వెరిఫికేషన్ కోసం’ అని మొదటి విడతగా 49,500 రూపాయలు పంపాడు. అరగంటలో తిరిగి వేస్తామన్నారు.

ఆయన్ని కాపాడింది నేను చెప్పిన జాగ్రత్తలు కాదు, కరెంటు. ఉన్నట్టుండి పోయింది. ఏరేటర్లు ఆగాయి. ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. ఫోన్ బస్తా మీద పడేసి జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు. అది స్టార్ట్ చేసి, గట్టు మీద నిలబడి, రెండు గ్లాసుల నీళ్లు తాగాక గానీ బుర్ర పనిచేయలేదు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. ‘ఒరేయ్, నా మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కేసంటరా?’ అని.

ఆ పది నిమిషాల ఎడం చాలు. కరెంటు పోతుందని ఎదురుచూడకుండా ఆ ఎడాన్ని మీరే ఎలా తెచ్చుకోవాలో చెబుతాను.

ఫోన్ రాకముందే చేసుకోవాల్సినవి

ఒక ఆదివారం గంట కేటాయించండి. ముందు శాఖ వాళ్ల పోర్టల్, ఇన్‌కమ్ ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరవండి. గూగుల్‌లో వెతికి వచ్చిన మొదటి లింకు నొక్కకుండా అడ్రసు మీరే టైప్ చేయండి. పాన్ నెంబరుతో లాగిన్ అయి ‘మై ప్రొఫైల్’లో ఏ ఫోన్ నెంబరు, ఏ ఈమెయిల్ ఉన్నాయో చూడండి. మన వైపు చాలామంది ఖాతాల్లో మనిషి నెంబరు ఉండదు. ఎప్పుడో లోను కోసం రిటర్ను వేయించిన ఆఫీసు నెంబరో, నెట్ సెంటర్ కుర్రాడి నెంబరో ఉంటుంది. అంటే శాఖ నిజంగా ఏదైనా పంపితే అది వాళ్లకు పోతుంది, దొంగ పంపింది మాత్రం సూటిగా మీకు వస్తుంది. ఇది చెప్పడానికి నాకే కాస్త ఇబ్బంది, ఎందుకంటే మా ఆఫీసు నెంబరుతో ఉన్న ఖాతాలు కూడా ఉన్నాయి. మార్పించుకోండి. మీ ఆడిటర్ గారు ఏమీ అనుకోరు.

అదే లాగిన్‌లో ఏఐఎస్ అని ఉంటుంది, వార్షిక సమాచార పట్టీ. మీ పేరు మీద ఆ ఏడాది శాఖకు ఏ లెక్కలు చేరాయో అందులో కనబడతాయి. పొదుపు ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు వేస్తే బ్యాంకు ఆ సంగతి శాఖకు చెబుతుంది, అదీ అక్కడ ఉంటుంది. ‘మీ ఖాతాలో తేడా కనబడింది’ అని ఎవడైనా అంటే మనకు గుండె జారేది అసలు మన లెక్కేమిటో మనకే తెలియక. ఒకసారి చూసుకున్నవాడికి ఆ జంకు ఉండదు.

ఇక డబ్బు సంగతి. పట్టుబడి డబ్బు, కాయల డబ్బు పడే పెద్ద ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించకండి. ఇంకో చిన్న ఖాతా తెరిచి, అందులో ఇంటి ఖర్చుకు సరిపడా వేసుకుని, యూపీఐ దానికే పెట్టుకోండి. మా ఇంట్లో ఇప్పుడు అందరం అలాగే చేశాం. టీ కొట్టు దగ్గర పది రూపాయలు కట్టడానికి పది లక్షల ఖాతా వాడటం ఎందుకు?

చివరగా, డబ్బు మాట ఎత్తిన ఏ ఫోన్ వచ్చినా ముందు ఎవరికి చేయాలో ఇంట్లో ఒక మనిషిని అనుకోండి. పిల్లలు గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో ఉండి పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లలో ఇది మరీ అవసరం. అల్లుడైనా, మేనకోడలైనా, పక్కింటి మాస్టారైనా సరే. ఆ నెంబరు గోడ క్యాలెండరు మీద పెద్ద అంకెల్లో రాసి పెట్టండి.

ఫోన్ మోగి ‘ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి’ అన్నప్పుడు

పెట్టేయండి. అంతే.

ఊరికే పెట్టేయడం మన వాళ్లకు చేతకాదు, నాకు తెలుసు. అందుకే ఒక మాట ముందే నోటికి తెచ్చుకోండి: ‘మా ఆడిటర్ గారితో మాట్లాడతానండి, ఉంటానండి.’ అండీ అన్నారు కాబట్టి మర్యాద తప్పలేదు. ఆ వెంటనే ఎర్ర బటన్. వాడి జవాబు వినక్కర్లేదు. మళ్లీ చేస్తాడు, నాలుగైదు సార్లు చేస్తాడు. ఎత్తకండి. ఎత్తి తిట్టకండి కూడా. తిట్టుకుంటూ లైన్లో ఉన్నా వాడికి పని జరిగినట్టే.

‘నిజంగా ఆఫీసరయితేనో?’ అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. నిజంగా ఆఫీసరయితే మీరు ఫోన్ పెట్టేసినందుకు ఏ నష్టమూ లేదు. ఆ శాఖ పని కాగితం మీద, పోర్టల్‌లో నడుస్తుంది. శాఖ నుంచి నిజమైన ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిళ్లు వస్తాయి, రావని నేను చెప్పను. మీ రిటర్ను ప్రాసెస్ అయిందనో, లెక్క ఒకసారి సరిచూసుకోమనో ఉంటుంది. అవి మిమ్మల్ని పోర్టల్‌కు వెళ్లి చూసుకోమంటాయి. పిన్ను, పాస్‌వర్డ్, కార్డు వెనక మూడంకెలు అడగవు. పన్ను బాకీ నిజంగా తేలినా, డిమాండ్ నోటీసు ఇచ్చి కట్టడానికి మామూలుగా 30 రోజులిస్తారు. కాదంటే జవాబు రాసుకునే దారి, అప్పీలు చేసుకునే దారి ఉన్నాయి. ‘ఇంకో గంటలో కట్టకపోతే పోలీసులొస్తారు’ అనే పద్ధతి అక్కడ లేదు.

వీడియో కాల్‌లో అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో ఈ ‘డిజిటల్ అరెస్ట్’ మోసం గురించే మాట్లాడారు. అయినా ఇంకా నడుస్తూనే ఉందంటే కారణం మన తెలివితక్కువతనం కాదు. మనిషిని గదిలో కూర్చోబెట్టి, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోతే ఎంత చదువుకున్నవాడైనా తడబడతాడు. అందుకే ‘తలుపు వేసుకోండి’, ‘ఎవరికీ చెప్పకండి’, ఈ రెండు మాటల్లో ఏది వినబడినా మీరు చేయాల్సింది దానికి తలకిందులు. తలుపు తీసి, వీధిలోకి వచ్చి, ఎదురుపడ్డ మొదటి తెలిసిన మనిషికి చెప్పండి.

పాన్ నెంబరు, తండ్రి పేరు సరిగ్గా చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉంటుందని బాబాయి నమ్మాడు. కొంచెం ఆలోచించండి. లోనుకు, సిమ్ముకు, గ్యాసుకు, పెట్టుబడి సాయానికి పాన్, ఆధార్ జిరాక్సులు మనం ఎన్నిచోట్ల ఇచ్చి ఉంటాం? వాడి దగ్గర మీ పాన్ ఉండటం పెద్ద విషయం కాదు. వాట్సాప్ బొమ్మగా మూడు సింహాలు పెట్టుకోవడం అంతకన్నా సులువు. ఫోన్ తెర మీద కనబడే నెంబరును కూడా నమ్మడానికి లేదు, దాన్నీ మార్చి చూపించగలరు.

వాళ్లు పట్టుకునే భయాలు

మన ప్రాంతాన్ని బట్టి వాళ్ల కథలూ మారతాయి. వరి, కొబ్బరి, అరటి రైతులకు ‘భూమి ఆదాయం చూపించలేదు’ అంటారు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టంలోనే మినహాయింపు ఉంది. గల్ఫ్ ఇళ్లకు ‘విదేశీ డబ్బు మీద పన్ను ఎగ్గొట్టారు’ అంటారు. కువైట్‌లో ఉన్న కొడుకో కూతురో అమ్మానాన్నలకు పంపిన డబ్బు దగ్గరి బంధువు ఇచ్చినదే కాబట్టి, ఎంత పంపినా దాని మీద తల్లిదండ్రులు పన్ను కట్టక్కర్లేదు. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. ఈ తేడా తెలియకే నరసాపురం, రాజోలు వైపు పెద్దావిడలు బెదిరిపోతుంటారు.

రొయ్యల సాగు లెక్క వరి అంత సూటిగా ఉండదు. చెరువు రైతుల్లో ఆ గుబులు ఎప్పుడూ లోపల ఉంటుంది, దొంగ దాన్నే గోకుతాడు. మీ లెక్కలో నిజంగానే అనుమానం ఉంటే ఆడిటర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి. ఫోన్లో ఎవడికో డబ్బు పంపితే ఆ అనుమానం తీరదు, పన్నూ కట్టినట్టు కాదు. అసలు పన్ను కట్టే చోటు పోర్టల్‌లోని ‘ఈ-పే ట్యాక్స్’. అక్కడ మీ పాన్ మీద చలానా తయారవుతుంది. ఒక మనిషి పేరు మీదున్న పొదుపు ఖాతాకో, ఎవరిదో యూపీఐ ఐడీకో పన్ను పోవడమనేది ఉండదు.

వాట్సాప్‌లో నోటీసు వస్తే సరిచూసుకునే పద్ధతి

ఫోన్ పెట్టేశాక కూడా ఆ కాగితం మనసులో తిరుగుతూనే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టదు. అలా ఉండే బదులు సరిచూసుకోండి.

2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. దొంగ కాగితం మీద కూడా ఏదో ఒక సంఖ్య వేస్తారు కాబట్టి ఉందా లేదా అని చూస్తే సరిపోదు. పోర్టల్ మొదటి పేజీలో ‘క్విక్ లింక్స్’ కింద ‘ఆథెంటికేట్ నోటీస్/ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ’ అని ఉంటుంది. లాగిన్ అవసరం లేదు. అందులో ఆ డిన్, మీ ఫోన్ నెంబరు వేస్తే ఓటీపీ వస్తుంది. దాన్ని మీరే అక్కడ టైప్ చేయాలి, ఎవరికీ చదివి వినిపించకూడదు. నోటీసు నిజమైతే దాని వివరం కనబడుతుంది. కాకపోతే అలాంటిది లేదని వస్తుంది.

లాగిన్ అయితే ఇంకా స్పష్టం. ‘పెండింగ్ యాక్షన్స్’లో ‘ఈ-ప్రొసీడింగ్స్’ ఖాళీగా ఉందా, బాకీ డిమాండ్ ఏమైనా కనబడుతోందా చూడండి. వ్యాపారులకు జీఎస్టీ పేరుతో వచ్చే సమన్ల సంగతీ ఇంతే. కేంద్ర జీఎస్టీ వాళ్ల కాగితాలకు 2019 నవంబరు 8 నుంచి డిన్ వేయడం మొదలైంది, ఆ సంఖ్య ఉంటే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. కడియం నర్సరీల వాళ్లయినా, తణుకు మిల్లుల వాళ్లయినా ఆ పని గుమస్తాకు చెబితే రెండు నిమిషాల్లో చేస్తాడు.

మనిషితోనే మాట్లాడాలనిపిస్తే ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ సహాయ కేంద్రం నెంబర్లు 1800 103 0025, 1800 419 0025. ఈ రెండింటికీ మీరే చేయండి. గూగుల్‌లో ‘ఇన్‌కమ్ ట్యాక్స్ కస్టమర్ కేర్’ అని కొడితే దొరికే ప్రతి నెంబరూ శాఖది కాదు. ఇంకా సులువు ఏమిటంటే, ఆ వాట్సాప్ కాగితం పట్టుకుని మీ రిటర్ను వేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. దీనికి ఎవరూ ఫీజు తీసుకోరు, మేమైతే తీసుకోం.

రిఫండ్ లింకులు, ఏపీకేలు

బెదిరింపు కాకుండా ఆశ పెట్టే రకం కూడా ఉంది. ‘మీకు 15,490 రూపాయల రిఫండ్ మంజూరైంది, ఇక్కడ నొక్కండి’ అని మెసేజ్. రిఫండ్ అనేది పోర్టల్‌లో మీరు ముందే ఇచ్చి సరిచూయించుకున్న బ్యాంకు ఖాతాకు నేరుగా పడుతుంది. దానికి లింకు నొక్కక్కర్లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టామంటే మన ఖాతాలోంచి పోతోందనే అర్థం.

వాట్సాప్‌లో చివర ‘ఏపీకే’ అని ఉన్న ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు వస్తే తెరవకండి. ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ, ట్యాక్స్ నోటీసు అనీ పేర్లు మార్చి తిప్పుతుంటారు. తెలిసినవాళ్ల నెంబరు నుంచి వచ్చినా సరే, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండి ఉండవచ్చు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీకొచ్చే ఓటీపీలు మీకన్నా ముందు వాడు చదువుతాడు. పొరపాటున చేసేశారా? వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ చూపించే యాప్ పెట్టుకోమన్నా ఇదే సంగతి.

డబ్బు పంపేసి ఉంటే

సిగ్గుపడుతూ కూర్చోకండి. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచినవాళ్లను నేను చూశాను. ఆ డబ్బు గంటల్లో నాలుగైదు ఖాతాలు మారిపోతుంది.

మొదట 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్. చేసేటప్పుడు మీ బ్యాంకు పేరు, ఖాతా నెంబరు, ఎంత పోయింది, ఏ టైముకు, లావాదేవీ నెంబరు చేతిలో పెట్టుకోండి. లావాదేవీ నెంబరు మీ యాప్ హిస్టరీలోనూ, బ్యాంకు మెసేజ్‌లోనూ ఉంటుంది, యూటీఆర్ అని రాసి ఉంటుంది. లైను దొరక్కపోతే మళ్లీ చేయండి, పక్కవాళ్ల ఫోన్ నుంచీ చేయించండి. వాళ్లు అవతలి ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న డబ్బును ఆపించగలుగుతారు. బాబాయి విషయంలో పంపిన ముప్పావు గంటకు చేశాం. 49,500లో సగానికి పైగా ఆగింది. మిగతాది అప్పటికే దాటిపోయింది.

రెండోది మీ బ్యాంకు. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి, చెప్పినట్టు రుజువుగా ఫిర్యాదు నెంబరు తీసుకోండి. మీకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన డబ్బయితే, మీరు బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఉంది. మీ చేత్తో మీరే పంపిన దానికి అది అంతగా పనికిరాదు, అందుకే 1930 ముందు.

మూడోది, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, దాని కాపీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి. ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకునే కేసు) అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టంలో దానికి చోటు ఉంది. కాల్ హిస్టరీ, వాట్సాప్ కాగితం, వీడియో కాల్ వివరం దేన్నీ చెరిపేయకండి. కోపంతో బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

డబ్బేమీ పోలేదు, ఫోన్ మాత్రం వచ్చిందంటే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలోని ‘చక్షు’ అనే విభాగంలో ఆ నెంబరు నమోదు చేయండి. అదే చోట మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా చూసుకోవచ్చు. నేను చూసుకుంటే ఎప్పుడో కాలేజీ రోజుల్లో పారేసిన సిమ్ము ఒకటి ఇంకా నా పేరుతోనే తిరుగుతోంది.

ఇంకొకటి. డబ్బు పోయిన పది పదిహేను రోజులకు మళ్లీ ఒక ఫోన్ వస్తుంది. ఈసారి గొంతు చాలా మెత్తగా ఉంటుంది. సైబర్ సెల్ నుంచి అనో, లాయరు ఆఫీసు నుంచి అనో చెబుతారు. మీ డబ్బు దొరికింది, విడుదల చేయడానికి ప్రాసెసింగ్ ఫీజు 5,000 కట్టండి అంటారు. బాబాయికి అది పదమూడో రోజున వచ్చింది. అప్పుడాయన గట్టు మీద మేత లెక్క రాసుకుంటున్నాడు. ‘జనరేటరు దగ్గరికెళ్లాలండి, ఉంటానండి’ అని పెట్టేసి, మళ్లీ లెక్కలో పడ్డాడు.